గన్నవరమునుండి శంషాబాదునకు: దూరకాలముల లెక్క

నేడు నేను చెప్పదలచినది వేదాంతము గాదు, పురాణము గాదు. ఒక చిన్న లెక్క. గన్నవరపు విమానాశ్రయమునకును శంషాబాదు విమానాశ్రయమునకును నడుమ దూరమెంత? ఆ దూరమును విమానము ఎంతకాలములో దాటును? ఆ కాలము జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో నివసించు మనబోంట్లకు ఏమాత్రము పనికివచ్చును? ఈ మూడవ ప్రశ్నకొఱకే మొదటి రెండును ఎత్తుకొంటిని.

'గంటలో హైదరాబాదు' అను మాట ఇప్పుడు మన రచ్చబండలయొద్ద తఱచుగా వినవచ్చుచున్నది. పిల్లలు చేతిలోని ఫోనును చూచి ఆ మాట చెప్పుదురు. అది అసత్యము కాదు. విమానసంస్థలవారు తమ కాలపట్టికలలో ఇంచుమించుగా అంతయే చూపుదురు. కాని ఏ గుమ్మమునుండి ఏ గుమ్మమునకు ఆ గంట యని అడుగువారు తక్కువ. నలుబదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాడను గనుక, కాలమని యెవరైన అన్నచో 'ఎక్కడనుండి ఎక్కడికి?' అని అడుగుట నాకు అలవాటైపోయినది.

మొదట స్థలములను గూర్చి రెండు మాటలు. గన్నవరపు మైదానము రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికుల ఉపయోగమునకై ఏర్పడినది. యుద్ధము ముగిసినపిమ్మట అది జనుల ప్రయాణములకు వచ్చినది. అయినను చాలకాలము అచ్చట విమానము దిగుట ఒక వింతగానే యుండెడిది. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కను అను సంస్థ హైదరాబాదునకును విజయవాడకును ప్రతిదినము విమానము నడుప మొదలిడినది. ఆనాడు హైదరాబాదులో విమానము దిగు తావు బేగంపేట, అనగా నగరపు నడిబొడ్డు. 2008 మార్చిలో బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి. ఈ మార్పు మన లెక్కలో ఒక గంటను కలిపినది. ఆ సంగతి ముందు వచ్చును. గన్నవరమున రన్‌వే, అనగా విమానము పరుగెత్తు బాట, ఇప్పుడు 3360 మీటర్ల పొడవున పెద్దవిమానములకు సైతము చాలినంతగా ఉన్నది.

ఇక దూరము. విజయవాడనుండి హైదరాబాదునకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. పూర్వము దీనికే 9వ నంబరు. ఈ బాటపైననే మన నందిగామ యున్నది. చిల్లకల్లువద్ద దిగి కొంచెము లోనికి పోయినచో జగ్గయ్యపేట. అయితే ఈ 275 బండిచక్రము కొలిచిన దూరము. బాట ఏటిని జూచి వంగును, గుట్టను జూచి తొలగును, ఊరిని జూచి ఆగును. ఆకాశమున గుట్టలు లేవు, ఏఱులు లేవు. విమానదూరమును కొలుచుటకు గొలుసు పనికిరాదు, గణితము కావలెను.

ఈ గణితము మనకు కొత్తది కాదు. పంచాంగము గుణించువారు అక్షాంశమును, దేశాంతరమును ఎఱుగుదురు. భూమధ్యరేఖకు ఒక ఊరు ఎంత ఉత్తరముగా నున్నదో చెప్పునది అక్షాంశము. నిర్ణీతమైన యొక మధ్యాహ్నరేఖకు ఎంత తూర్పుగా నున్నదో చెప్పునది రేఖాంశము. పూర్వులు లంకోజ్జయినీ రేఖను మొదలుగా గొనిరి. నేటివారు లండను దరినున్న గ్రీనిచ్ రేఖను గొనుచున్నారు. ఎచ్చట మొదలిడినను రెండూళ్ల నడుమ భేదము మాఱదు.

గన్నవరపు మైదానము 16 అంశల 32 కలల ఉత్తరమున, 80 అంశల 48 కలల తూర్పున ఉన్నది. శంషాబాదు 17 అంశల 14 కలల ఉత్తరమున, 78 అంశల 26 కలల తూర్పున ఉన్నది. అంశకు 60 కలలు గదా. తీసివేసినచో ఉత్తరదక్షిణముల భేదము 42 కలలు, తూర్పుపడమరల భేదము 2 అంశల 22 కలలు, అనగా 142 కలలు.

ఇచ్చట ఒక మెలిక గలదు. ఉత్తరదక్షిణపు కల భూమిపై ఎచ్చటనైనను ఇంచుమించు ఒకే పొడవు. తూర్పుపడమరల కల అట్లు గాదు. భూమధ్యరేఖ చుట్టును గీచిన వలయము అన్నిటికంటె పెద్దది; ఉత్తరమునకు పోయినకొలది వలయములు చిన్నవగును. గుమ్మడికాయ నడుమ చుట్టిన దారమునకును, తొడిమదగ్గఱ చుట్టిన దారమునకును ఉన్న భేదమే ఇది. దీనినే మన సిద్ధాంతగ్రంథములు స్ఫుటపరిధి యనినవి. భూపరిధిని ఆ ఊరి లంబజ్యచే గుణించి, త్రిజ్యచే భాగించినచో ఆ ఊరి వలయపు పొడవు వచ్చునని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. మన ప్రాంతపు అక్షాంశము ఇంచుమించు 17 అంశలు. అచ్చట ఆ భాగహారము నూటికి 95.6 వచ్చును. కావున 142 కలలు మనవద్దకు వచ్చుసరికి 136 కలలైనవి.

ఇప్పుడు భుజ 136, కోటి 42. కర్ణము కావలెను. పావులూరి మల్లన గణితమును తెలుగు పద్యములలో చెప్పిన నాటినుండియు మన వీథిబడులలో ఈ లెక్కలు చేసినవారున్నారు. 136 యొక్క వర్గము 18496. 42 యొక్క వర్గము 1764. రెండును కలిపిన 20260. దాని వర్గమూలము 142 కంటె ఇంచుక యెక్కువ. అనగా గన్నవరమునుండి శంషాబాదునకు ఆకాశమార్గము సుమారు 142 కలలు. తూర్పుపడమరల భేదము మొదట 142గా నుండి, వలయము కుఱుచయగుటచే 136కు దిగి, ఉత్తరపు భేదము కలియుటచే మరల 142కే చేరుట కేవలము కాకతాళీయము. దానిలో రహస్యమేమియు లేదు.

కలను కిలోమీటర్లలోనికి మార్చుట ఎట్లు? సూర్యసిద్ధాంతము త్రిజ్యను 3438 కలలుగా గ్రహించినది. వృత్తపరిధి 21600 కలలైనచో వ్యాసార్ధము అంతయే యగును. భూమి వ్యాసార్ధము నేటి కొలతలో సగటున 6371 కిలోమీటర్లు. దీనిని 3438చే భాగించి చూడుడు: ఒక కలకు 1.853 కిలోమీటరు వచ్చును. ఓడనడుపువారును, విమానము నడుపువారును నేడు వాడు మైలు మన తాలూకా రాళ్లమీది మైలు గాదు. దానికి నావికపు మైలని పేరు. దాని పొడవు 1852 మీటర్లు. అనగా విమానచోదకుడు లెక్కించుచున్నది కలలనే. అతడు నూటనలుబదిరెండు మైళ్లనినను, మన జ్యోతిష్కుడు నూటనలుబదిరెండు కలలనినను ఒకటే.

మొత్తముమీద 264 కిలోమీటర్లు. రాళ్ల మైళ్లలో 164. భాస్కరాచార్యులు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణిలో భూపరిధిని 4967 యోజనములని చెప్పియున్నారు. ఆ యోజనము ఎనిమిది కిలోమీటర్లకు వచ్చును గనుక, ఆయన కొలతలో ఈ దూరము 33 యోజనములు. యోజనమునకు ఆమడ యని నిఘంటువులు అర్థము చెప్పినను మన రైతుల ఆమడ అంతకంటె పెద్దది. ఎనిమిది మైళ్ల ఆమడతో కొలిచినచో ఇది ఇరువది ఆమడల దారి. రెండెడ్లబండి దినమునకు రెండామడలు నడచినను పదిదినములు పట్టును. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచివాడైన తవర్నియే యను రత్నవర్తకుడు గోలకొండనుండి మచిలీపట్టణమునకు సూటిదారిన నూఱు క్రోసులని వ్రాసియుంచెను. క్రోసునకు రెండు మైళ్లచొప్పున రెండువందల మైళ్లు. నేటి పటముతో సరిచూచినను ఆ లెక్క పెద్దగా తప్పదు.

కాలమునకు వత్తము. ఈ బాటలో ఎక్కువగా తిరుగునవి ఎ.టి.ఆర్. అను పంకాల విమానములు. డెబ్బదిమంది పైచిలుకు కూర్చుండదగినవి. నిలకడగా పోవునపుడు వాని వేగము గంటకు ఇంచుమించు 500 కిలోమీటర్లు. 264ను 500చే భాగించినచో 32 నిమిషములు. మఱి పట్టికలో గంట యెందులకు?

విమానము పావురమువలె నేలవిడిచిన క్షణముననే వేగమందుకొనదు. ఎక్కునపుడును, దిగునపుడును దాని వేగము తక్కువగానే యుండును. ఈ చిన్నదారిలో అధికభాగము ఎక్కుటకును దిగుటకునే సరిపోవును. దిగుటకు చోదకులకొక కట్టె విఱిచినట్టి సూత్రమున్నది: వేయి అడుగుల ఎత్తు తగ్గుటకు మూడు కలల దూరము. శంషాబాదునుండి వచ్చు విమానము 17 వేల అడుగుల ఎత్తున నున్నచో గన్నవరమునకు 51 కలల ముందే దిగనారంభింపవలెను. పటముపై కొలిచి చూడగా జగ్గయ్యపేట గన్నవరమునకు సరళరేఖలో ఇంచుమించు 46 కలలు, నందిగామ 33 కలలు. అనగా మన పేటకు పైన ఇంకను రాకమునుపే విమానము దిగుటకు మొదలిడవలసియున్నది. రెండు విమానాశ్రయములను కలుపు సరళరేఖ మన రెండూళ్లకు పది పదునేను కిలోమీటర్లు దక్షిణముగా, కృష్ణానది దరిదాపులను పోవును. శంషాబాదు మైదానము సముద్రమట్టమునకు రెండువేల అడుగుల ఎత్తున నున్నది. గన్నవరము నూఱడుగులైన లేదు. ఇంత మెట్టకును పల్లమునకును నడుమ మనము మధ్యమెట్లపై నిలిచినవారమన్నమాట.

పిమ్మట గాలి. విమానము ఎదురుగాలిలో లేచుట, ఎదురుగాలిలో దిగుట నియమము. ఎదురుగాలి రెక్కలకు ఊతమిచ్చును, నేలపై పరుగు తగ్గించును. గన్నవరమునను శంషాబాదునను రన్‌వేలు ఇంచుమించు తూర్పుపడమరలుగా నున్నవి. నైఋతిఋతుపవనపు దినములలో నేలమీది గాలి పడమటినుండి వీచును. అప్పుడు గన్నవరమున పడమరకే ముఖము పెట్టి లేచిన విమానము ఆ ముఖముననే సాగి, శంషాబాదునందును తూర్పునుండి సూటిగా పోయి దిగును. తూర్పుగాలి వీచు దినములలో అట్లు గాదు. ఇచ్చట తూర్పునకు లేచి వెనుకకు మఱలవలెను. అచ్చట శంషాబాదును దాటి పడమటికి పోయి, మఱల తూర్పుముఖమై దిగవలెను. వీథిగుమ్మము మూసియున్న యింటికి పెరటిదారిన చుట్టుకొని వచ్చినట్లు, ఈ చుట్టుతో పది నిమిషములు హెచ్చగును. దీనితో పోల్చినచో దారిలోని గాలి చేయునది స్వల్పము. గంటకు ముప్పది కిలోమీటర్ల గాలి వెనుకనున్నచో 30 నిమిషములు, ఎదురైనచో 34. భేదము నాలుగు నిమిషములే.

ఇవన్నియు చేరి ఆకాశమున ఉండు కాలము 40, 45 నిమిషములగును. మఱియు కాలపట్టికలోని కాలము రెక్కలు గాలిలోనున్న కాలము గాదు. విమానము నిలిచిన చోటు విడిచినది మొదలు, రెండవవైపున నిలిచి చక్రములకు దిమ్మలు పెట్టువఱకు గల కాలమది. నిలుచు తావునుండి రన్‌వే కొనకు నేలపై దొరలుట, ముందున్న విమానము లేచువఱకు వేచుట, ఇవి రెండువైపులను కలిసి పావుగంట. కావున గంట. జెట్టు విమానమైనను ఈ కొంచెపు దారిలో లాభము తక్కువ. తన పూర్తివేగ మందుకొనునంతలో దిగవలసిన చోటు వచ్చును. గుఱ్ఱమునకు పరుగెత్తుటకు చేను చాలదు.

ఇంతవఱకు చెప్పినది విమానపు లెక్క. ఇక మన లెక్క.

జగ్గయ్యపేటలో ఇంటిగడప దాటినవాడు హైదరాబాదులో బంధువుల గడప తొక్కుటకు ఎంతకాలము? విమానమార్గమున ఇట్లు: పేటనుండి గన్నవరమునకు ఇంచుమించు నూఱు కిలోమీటర్లు, విజయవాడ రద్దీని దాటుకొని పోవుటకు రెండు గంటలు. విమానమునకు గంటన్నర ముందు అచ్చట నుండవలెను. చీటి చూపుట, పెట్టె అప్పగించుట, తనిఖీ, ఇవన్నియు ఉన్నవి. ఆపిమ్మట ఆ గంట. దిగి పెట్టె చేతికి వచ్చుటకు అరగంట. శంషాబాదునుండి నగరములోనికి ఒక గంట. బేగంపేట కాలమున ఈ గంట లేదని ముందే చెప్పితిని. మొత్తము ఆఱు గంటలు. రహదారిపై పేటనుండి నగరమునకు రెండువందల కిలోమీటర్లు, కారున నాలుగు గంటలు.

నందిగామవారికి గన్నవరము గంటన్నర. కావున విమానమున ఐదున్నర, బాటమీద నాలుగున్నర. విజయవాడ పట్టణవాసికి విమానమున నాలుగుముక్కాలు, బాటమీద ఐదు. రెండును ఇంచుమించు సమానము. గుడివాడ, మచిలీపట్టణము వారికి విమానమే మేలు. మార్గమొక్కటే, విమానమొక్కటే, ఫలము మాత్రము ఊరికొక తీరు. కారణము స్పష్టము. గన్నవరమునుండి పడమరకు మనమున్న ప్రతి గంటదూరమును రెండుమాఱులు లెక్కకు వచ్చును. హైదరాబాదువైపు ఒక గంట దగ్గఱయై యున్నాము. విమానమునకై ఒక గంట వెనుకకు పోవుచున్నాము. ఉన్న లాభమును విడుచుట ఒకటి, లేని దూరమును నడచుట రెండవది. పిమ్మట ఎగిరి మన పొలముల ప్రక్కనుండియే పోవుదుము!

ఈ లెక్క కాలక్షేపమునకు చెప్పుచున్నది గాదు. మా పొరుగూరి పెద్ద యొకరు, పేరు చెప్పను, చెప్పుమని ఆయనయే అనుమతించిన సంగతి యిది. ఆయన తమ్ముడు హైదరాబాదులో వైద్యశాలయందుండెను. ఒకనాటి తెల్లవారుజామున 'వెంటనే రండు' అని ఫోను వచ్చెను. మనుమడు చేతిఫోనులో చూచి, తొమ్మిదిన్నరకు విమానము కలదు, గంటలో అచ్చటనుందుమని చీటి కొనెను. ప్రేమచే చేసినపని, తాతకు ఎనుబదేండ్లు, బస్సులో నడుము పట్టునని భయము. ఆఱుగంటలకు కారున తూర్పునకు బయలుదేరిరి. విమానము చెప్పిన వేళకే లేచెను, చెప్పిన వేళకే దిగెను. ఎవరియందును లోపము లేదు. వైద్యశాల గుమ్మము చేరుసరికి పండ్రెండుంబావు. అదే ఊరినుండి మఱియొక తమ్ముని కుమారుడు ఆఱున్నరకు చిల్లకల్లులో బస్సెక్కి పదునొకండు గంటలకే అచ్చటనుండెను. రోగి పదునొకండున్నరవఱకు తెలివితో నుండి, అన్న వచ్చెనా యని రెండుమాఱులు అడిగెనట. అన్న వచ్చునప్పటికి మాటలేదు. ఆ సాయంకాలము పోయెను. అన్నదమ్ములకు నడుమ పదేండ్లనుండి గట్టుతగాదా ఒకటి నడచి, ఆ యేడే చల్లారియుండెను. ఆ పెద్దాయన నాతో నన్న మాట: 'పంతులుగారూ, తొందరపడి ఆలస్యముగా పోతిని.'

అందుచేత రోగుల విషయమును వేఱుగా చెప్పవలసియున్నది. తీవ్రముగా జబ్బుపడినవారిని మామూలు విమానమున ఎక్కించుకొనరు. ప్రయాణమునకు తగుదురని వైద్యుడు వ్రాసియిచ్చిన పత్రమును అడుగుదురు. గుండెపోటు, పక్షవాతము వంటివానిలో మొదటి గంటలే ప్రాణముల నిలుపునవి. అట్టి సమయమున హైదరాబాదు విమానమును తలచుటయే కూడదు. విజయవాడయో ఖమ్మమో ఏది దగ్గఱయైన అది పట్టవలెను. 108కి ఫోను చేయుట అన్నిటికంటె ముందు.

మఱి బాట తెగినప్పుడో? ఈ ప్రశ్న మన ప్రాంతమున ఊరక పుట్టినది గాదు. 2023 జూలై చివర మున్నేరు పొంగి ఐతవరము దగ్గఱ జాతీయ రహదారిపై నీరు పాఱి రాకపోకలు నిలిచినవి. 2024 సెప్టెంబరు మొదట మఱల అట్లే జరిగినది. పడమటివైపున గరికపాడువద్ద పాలేటి వంతెనయు ఆ వరదలలో దెబ్బతినెను. అట్టి దినమున విమానము ఎగురుచునే యుండవచ్చును. కాని నందిగామయు జగ్గయ్యపేటయు మున్నేటికి ఈవల, గన్నవరము ఆవల. ఏఱు దాటలేనివానికి ఆకాశము అందదు. వరదనాటి ఉపాయము విమానము గాదు. వాన హెచ్చరిక విన్ననాడే, పోవలసిన రోగిని ముందుగా తరలించుట.

ఇంత చెప్పితినని నన్ను విమానద్వేషినిగా తలపకుడు. విశాఖపట్టణమునకు విజయవాడనుండి బాటన 350 కిలోమీటర్లు. మనకు గన్నవరము ఎట్లును ఆ వైపుననే యున్నది గనుక పోయిన దూరము వ్యర్థము గాదు. తిరుపతి ప్రయాణమునకును అట్లే, గన్నవరమునుండి విమానమున్న దినమున వృద్ధులకు రాత్రి జాగరణ తప్పును. ఢిల్లీకి ఆకాశమున రెండు గంటలు దాటి. రైలున ఒక దినమునకు మించి. అట్టి దూరములయందు గడపకును గన్నవరమునకును గల రెండుగంటలు లెక్కకు రావు. దారి పెరిగినకొలది విమానము గెలుచును, కురుచయైనకొలది బాట గెలుచును. ఆ గెలుపు మాఱుచోటు మాత్రము మీ యూరిని బట్టి యుండును.

పరదేశములలోనున్న బిడ్డలయొద్దకు పోవువారు నేడు మన గ్రామములలో కొల్లలు. వీరికి గన్నవరమునుండి శంషాబాదునకు విమానము, అచ్చటినుండి పెద్దవిమానము అని బిడ్డలు చీటి కొని పంపుదురు. విజయవాడకు తూర్పునున్నవారికి ఇది సౌఖ్యము. రెండును ఒకే చీటిలో నున్నచో పెట్టెలు గన్నవరమున అప్పగించి, చివరనే తీసికొనవచ్చును. పేట, నందిగామ వారు మాత్రము బాటనే పోయి, పెద్ద అంబరుపేటవద్ద నగరములోనికి పోక వెలుపలి వలయరహదారిని పట్టినచో సూటిగా శంషాబాదు చేరుదురు. పేటనుండి రమారమి నాలుగు గంటలు. ఆ పట్టున బిడ్డలతో మొగమోటము లేక ముందే చెప్పుకొనుడు.

పరదేశపు చీటిని చదువునపుడు ఇంకొక సంగతి. గన్నవరమున సూర్యుడు శంషాబాదుకంటె ముందుగా ఉదయించును. 142 కలల దేశాంతరమునకు తొమ్మిదిన్నర నిమిషములు, మన లెక్కలో సుమారు ఇరువదినాలుగు విఘడియలు. పంచాంగమున ఈ భేదమును సవరింతుము, గడియారమున సవరింపము. 1906 నుండి కాకినాడ దరిని పోవు 82న్నర అంశల రేఖయే దేశమునకంతటికి గడియారమైనది. అందుచే గన్నవరమున లేచిన వేళను శంషాబాదున దిగిన వేళనుండి తీసివేసినచో ప్రయాణకాలము సరిగా వచ్చును. పరదేశమునకు అట్లు తీసివేయరాదు. చీటిపై లేచు వేళ మన గడియారము, దిగు వేళ వారి గడియారము. దుబాయి గడియారము మనకంటె గంటన్నర వెనుక; పది గంటలకు లేచి పండ్రెండున్నరకు దిగుదురని యుండును. రెండున్నర గంటలే యనుకొని మాత్రలు వేళకు వేసికొను వృద్ధులు తప్పుదురు. ఆ గంటన్నరను కలిపినచో నాలుగు గంటలు. పోవునపుడు కలుపవలెను, వచ్చునపుడు తీయవలెను. మందులు వేళతప్పకుండ వేసికొనవలసినవారు ఒక గడియారమును మనయింటి కాలముననే ఉంచుకొని బయలుదేరుట మంచిది.